మూడు వందల మాటలకు మించకుండా

ఈ కోర్సు ఎందుకు చదవాలనుకుంటున్నారో
మూడు వందల మాటలకు మించకుండా రాయమంది దరఖాస్తు.
రూవీలో రాత్రి పదిన్నర.
సనద్ ఆఫీసు షట్టర్ సగం దించి
ఏసీ నీళ్ళు పడే బకెట్‌ను కాలితో జరిపి
కూర్చున్నాను.

ఎల్ఎల్‌బీ పాసై నాలుగేళ్ళు.
నల్లకోటు కరీంనగర్‌లో మా అక్క బీరువాలో ఉంది
కలరా ఉండల వాసన పట్టి.
దాన్ని తొడుక్కున్నది మొత్తం పదకొండు రోజులు.
పదకొండు రోజులూ సీనియర్ ఫైళ్ళు మోసి
వాయిదా తేదీలు డైరీలో ఎక్కించాను.
చట్టం అంటే క్యాలెండరేమో అనుకున్నాను.

ఇక్కడ నేను వకీలును కాను. టైపింగ్ అమ్మాయిని.
వీసా కాగితానికి ఒక రియాల్, అద్దె ఒప్పందానికి రెండు.
ఫిర్యాదుకు రేటు లేదు,
మనిషి చెప్పులు చూసి అడుగుతాను.

ఎల్ఎల్ఎం చెయ్యి, లెక్చరర్‌వైతే ఎండ తగలదు
అంటుంది నాతో చదివిన హిమజ.
జడ్జి పరీక్షకు కూర్చో అంటాడు బావ,
తీర్పు చెప్పేవాళ్ళకు జీతం ఆగదట.
కంపెనీ లా అయితే దుబాయ్‌లో గాజు మేడ.
మధ్యవర్తిత్వం డిప్లొమా ఆరు నెలలే,
దాని ఫీజు మాత్రం నా ఏడాది జీతంతో
ఏ మధ్యవర్తీ లేకుండా రాజీ పడుతుంది.
విడాకుల చట్టం చదువు, గిరాకీ తగ్గదు
అని పక్క కుర్చీ షాహిన కన్ను కొడుతుంది.
వలసల చట్టమని ఒకటుంది,
ఎక్కడో మంచు కురిసే ఊళ్ళో రెండేళ్ళు.
బ్రోచర్ మీద నవ్వుతున్న పిల్లల్లో
ఒక్కరి చేతికీ కాయలు లేవు.
అయినా దాన్ని చాలాసేపు చూశాను.
మంచు కోసం, అబద్ధమెందుకు.

పోయిన నెల ఒడ్నాల గంగరాజం వచ్చాడు.
సొహార్ రోడ్డు పనిలో తారు పోసే మనిషి.
జేబులోంచి నాలుగు మడతల కాగితం తీసి
"జర చదువు బిడ్డా, దేనికి సంతకం వెట్టిన్నో" అన్నాడు.

అరబ్బీ.
నాకు టైపు చెయ్యడం వచ్చు.
కుడి నుంచి ఎడమకు నా వేళ్ళు నడుస్తాయి
దారి తెలిసిన గాడిదలా,
మోసేదేమిటో తెలియకుండా.
చదవడం వేరు.
ఖమీస్ మామ నమాజుకు పోయాడు.
ఇరవై నిమిషాలు ఆ కాగితం ముందు కూర్చున్నాం
ఆయన సంతకమూ, నా పట్టా.
చాయ్ తెప్పించాను. ఇంకేం చెయ్యను.

ఖమీస్ మామ వచ్చి కళ్ళజోడు పెట్టుకుని
ఒక్క వాక్యం హిందీలో చెప్పాడు:
నాకు రావలసినవన్నీ ముట్టాయి.

పద్నాలుగు నెలల ఓవర్‌టైం
ఒక్క క్రియాపదంలో ముట్టాయి.
గంగరాజం కాసేపు గోడ వైపు చూసి
"మంచిగనే రాసిన్రు" అన్నాడు.
కాగితాన్ని మళ్ళీ అవే మడతల మీద మడిచాడు.
మూడో రోజు విమానమెక్కాడు.
ఎయిర్‌పోర్టు నుంచి ఒక మిస్డ్ కాల్.
తిరిగి చేస్తే నంబరు లేదంది.

అందుకని ఈ దరఖాస్తు.
న్యాయ పత్రాల అనువాదం, అరబ్బీ, సాయంత్రం తరగతులు.
హిమజకు చెప్తే ఫోన్లో నిట్టూర్చింది:
లా చదివి అనువాదమా, అది కిందికి దిగడం కదే.
నేను ఏమీ అనలేదు కానీ
సంతకం పెట్టే చోటు
ఎప్పుడూ కిందే కదా ఉండేది.

రేపు మనసు మారొచ్చు.
ఎల్ఎల్ఎం ఫారం కూడా పక్క కిటికీలో తెరిచే ఉంచాను,
బావ మాట కూడా కొట్టెయ్యలేదు.
ఇప్పటికి రాసింది ఒక్క వాక్యం:
"ముట్టాయి అనే మాటను
సంతకానికి ముందే చదవగలగాలని."
లెక్క పెట్టాను. ఆరు మాటలు.

బకెట్ నిండింది.
పారబోసి వచ్చి కూర్చుంటాను.